భూకంపములు – విద్యార్థి సేవాదళములు

భూమికి మన నిఘంటువులు చెప్పు పేర్లలో అచల యనునది యొకటి, స్థిర యనునది మఱియొకటి. కదలనిది, నిలుకడ గలది యని వాని యర్థము. పూర్వులు ఈ పేర్లను నమ్మకముచేత పెట్టిరో కోరికచేత పెట్టిరో చెప్పజాలము గాని, దక్కను పీఠభూమి మీద కాపురమున్న మనకు మాత్రము ఆ నమ్మకము నేటికిని సడలలేదు. భూకంపమనగా హిమాలయముల చెంత జరుగునదనియు, జపానువారి కష్టమనియు, సుమారు రెండువందల యేబది కోట్ల సంవత్సరముల వయసుగల రాతినేల మీద కట్టుకొనిన హైదరాబాదునకు ఆ భయము లేదనియు మనము నిశ్చింతగా నున్నాము. ఈ నిశ్చింత ఎంతవఱకు న్యాయమైనదో, భూమి కదలిననాడు మొదట చేయూత నీయవలసిన వారెవరో చరిత్ర నాధారముగ జేసికొని విచారింపదలచితిమి. ఈ విచారణలో నగరమునకు తూర్పున గల దిల్‌సుఖ్‌నగరు, ఎల్.బి.నగరు ప్రాంతములను ముఖ్యముగా మనస్సున నుంచుకొంటిమి. ఏలయన, పొరుగూళ్ల నుండి చదువుకొఱకు వచ్చిన పిల్లలు అచ్చట వేలకొలది యున్నారు. ఆపద వచ్చినచో దానికి మొదట గుఱియగువారును వారే, మొదట ఆదుకొనగలవారును వారే.

మొదట నేల సంగతి చూతము. భారతదేశమును మోయుచున్న భూఫలకము ఏటికి సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున ఉత్తరముగా జరుగుచు ఆసియా ఖండమును నెట్టుచున్నదని శాస్త్రజ్ఞులు కొలిచి చెప్పుచున్నారు. ఆ యొత్తిడి యంతయు హిమాలయముల యొద్దనే తీరిపోవుట లేదు. కొంత దక్షిణాపథము అడుగున గల ప్రాచీనపు బీటలలో మెల్లమెల్లగా చేరుచుండును. తాళలేని దినమున బీట జారును, నేల యదరును. 1967 మార్చి 27న ఒంగోలు ప్రాంతమును, ఆ సంవత్సరమే డిసెంబరు 11న మహారాష్ట్రమందలి కోయనా ప్రాంతమును కంపించెను. కోయనా యొద్ద నూటడెబ్బదిమందికి పైగా మరణించిరి. 1969 ఏప్రిల్ 13న భద్రాచలము ప్రాంతమున 5.7 పరిమాణము గల కంపము కలిగెను. 1983 జూన్ 30న హైదరాబాదునకు ఉత్తరమున మేడ్చలు ప్రాంతము కదలెను. 2024 డిసెంబరు 4న ఉదయము 7 గంటల 27 నిమిషములకు ములుగు జిల్లాలో 5.3 పరిమాణముతో వచ్చిన కంపమును హైదరాబాదు ప్రజలును గుర్తించిరి.

ఎల్.బి.నగరు పొరుగువారికి ఇంతకంటె దగ్గఱి యనుభవము కలదు. 2020 అక్టోబరు మాసమున నగరమందలి బోరబండలోను, వనస్థలిపురము చెంతనున్న వైదేహీనగరులోను నేల అడుగున గుడగుడమను ధ్వనులు పుట్టి, చిన్న చిన్న కంపములు కలిగెను. జనులు పిల్లలను చంకబెట్టుకొని వీధులలోనికి వచ్చిరి. వానకాలపు నీరు రాతిపగుళ్లలో దిగి అచ్చటి యొత్తిడిని మార్చుటచేత ఇట్టి స్వల్పకంపములు కలుగునని శాస్త్రజ్ఞులు సమాధానపఱచిరి. 1961లో హైదరాబాదున వెలసిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉప్పలు దారిలో, ఈ పేటలకు కూతవేటు దూరముననే యున్నది. భూమి నాడిని పట్టి చూచు వైద్యులు మన పొరుగుననే యుండగా, ఆ వైద్యశాస్త్రపు మొదటి పాఠము మన యిండ్లలోనికి రాకుండుట వింతయే గదా!

ఐనను మనకు గురుస్థానమున నిలువవలసినది కిల్లారి. లాతూరు జిల్లాలోని యీ గ్రామము హైదరాబాదునకు రెండువందల కిలోమీటర్లకు కొంచెము మించిన దూరమున నున్నది. 1956వఱకు ఆ మరాఠ్వాడా ప్రాంతము హైదరాబాదు రాష్ట్రములోనిదే. 1993 సెప్టెంబరు 30న, గణపతి నిమజ్జనపు టుత్సవము ముగించుకొని జనులు అలసి నిద్రించుచుండగా, తెల్లవాఱుజామున నాలుగు గంటలు కావచ్చిన సమయమున 6.2 పరిమాణము గల కంపము వచ్చెను. మరణించినవారు పదివేలకు చేరువగా నుందురు. ఆ కంపము బలము ప్రపంచపు లెక్కలో మధ్యమమే. అంతటి ప్రాణనష్టమునకు ముఖ్యకారణము ఇండ్ల కట్టుబడి. ఎండకు చల్లగా నుండునని మట్టియడుసులో పేర్చిన లావైన రాతిగోడలు, వానిపై మట్టితో బరువెక్కిన మిద్దెలు, నిద్రించుచున్నవారిపై గూలెను. కిల్లారి ఆనాటి పటములో అత్యల్ప భయము గల మొదటి మండలమున నుండెను. హైదరాబాదును ఆ మండలములోనిదే. 2002లో ప్రభుత్వపు ప్రమాణపత్రమును సవరించినప్పుడు మొదటి మండలమను పేరే తీసివేయబడి, హైదరాబాదు రెండవ మండలమున జేర్చబడెను. భయము తక్కువ యనుట వేఱు, భయము లేదనుట వేఱు అని ఆ సవరణకు తాత్పర్యము. ఈ తాత్పర్యము ఇంజనీర్ల గ్రంథములకు ఎక్కినది గాని గృహస్థుల మనస్సులకు ఇంకను ఎక్కలేదు.

ఇక సేవకుల సంగతి. మన దేశమున భూకంపబాధితుల సేవ మహోద్యమముగా సాగినది 1934లో. ఆ యేడు జనవరి 15న మధ్యాహ్నము బీహారు రాష్ట్రము కంపించి పట్టణములు నేలమట్టమయ్యెను. చెఱసాల నుండి విడుదలయైన రాజేంద్రప్రసాదు గారు అనారోగ్యమును లెక్కింపక సహాయసంఘమును నడిపిరి. జె.సి.కుమారప్పగారు ఆ నిధికి లెక్కలు చూచిరి. ముంగేరు పట్టణమున జవహర్‌లాల్ నెహ్రూగారు స్వయముగా పార పట్టి శిథిలములను త్రవ్విరి. ఆ సందర్భముననే గాంధీమహాత్మునకును రవీంద్రనాథునకును ప్రసిద్ధమైన వాదము జరిగినది. అస్పృశ్యతయను పాపమునకు దైవము విధించిన శిక్షయే ఈ యుపద్రవమని మహాత్ముడు పలుకగా, ప్రకృతిలోని సంఘటనకు భౌతికకారణములే యుండుననియు, అశాస్త్రీయమైన యిట్టి భావమును జనులలో నాటరాదనియు రవీంద్రుడు ఖండించెను. మహాత్ముడు ఆ ఖండనమును తన హరిజన పత్రికలో ఫిబ్రవరి 16న ప్రకటించి, ప్రత్యుత్తరమును వ్రాసెను. అస్పృశ్యత మహాపాపమనుటలో ఇరువురకును భేదము లేదు. కాని భూకంపపు కారణమును గుఱించి మేము రవీంద్రుని పక్షమునే నిలుతుము. ఏలయన, శిక్ష యనుకొనినవాడు పశ్చాత్తాపపడి యూరకుండును. కట్టుబడి లోపమనుకొనినవాడు గోడను బాగుచేయును.

సేవాదళమను భావము మన తెలుగువారికి క్రొత్తది కాదు. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు చీరాల-పేరాల యుద్యమమున రామదండను దళమును కూర్చి, యువకులకు క్రమశిక్షణ నేర్పిరి. 1923లో కాకినాడ కాంగ్రెసు సందర్భమున హిందూస్థానీ సేవాదళమునకు బీజము పడెను. ఆ కాంగ్రెసుతోబాటు జరిగిన ఖద్దరు ప్రదర్శనశాల వాకిట పదునాలుగేండ్ల దుర్గాబాయి వాలంటీరుగా నిలిచియుండెను. టిక్కెట్టు లేనివారిని లోనికి విడువరాదని ఆమెకు చెప్పియుండిరి. నెహ్రూగారు టిక్కెట్టు లేకుండ రాగా, ఆ బాలిక ఆయనను ఆపివైచెను. టిక్కెట్టు వచ్చిన పిమ్మటనే లోనికి విడిచెను. ఈ కథను మనము చిన్నపిల్ల సాహసముగా చెప్పుకొని నవ్వుకొందుము. మాకు దానిలో గొప్ప పాఠము కనబడుచున్నది. సేవకుని గుణములలో జాలికంటె ముందు నిలువవలసినది నియమము. ఎవరు వచ్చినను, ఎంత తొందఱలోనైనను, తనకు నేర్పిన పనిని నేర్పినట్లు చేయుటయే సేవ. ఆ బాలికయే పిమ్మట దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారై ఆంధ్రమహిళాసభను స్థాపించి, ఎందఱో స్త్రీలకు విద్యాదానము చేసెను.

స్వాతంత్ర్యానంతరము, గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో సెప్టెంబరు 24న జాతీయ సేవాపథకము 37 విశ్వవిద్యాలయములలో ప్రారంభమయ్యెను. నేడు ఎన్.ఎస్.ఎస్. అను మూడక్షరములతో కళాశాలలలో ఎల్లరును దాని నెఱుగుదురు. 2016లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ఆపదమిత్ర యను పథకము క్రింద పౌరులకు రక్షణవిద్య నేర్పుట మొదలిడెను. తరువాత ఎన్.సి.సి., ఎన్.ఎస్.ఎస్., స్కౌట్లు మొదలగు సంస్థలలోని యువజనులకును ఆ శిక్షణ విస్తరించెను. కావున దారి లేదని చెప్పుటకు వీలులేదు. దారి యున్నది, నడచువారు చాలరు.

ఇట్టి పనికి సైన్యమును, ప్రభుత్వ దళములును ఉండగా విద్యార్థులతో నేమి ప్రయోజనమని అడుగువారు గలరు. వారికి జపాను సమాధానము చెప్పుచున్నది. 1995 జనవరి 17న తెల్లవాఱకముందే కోబె నగరమును భూకంపము కూల్చివైచెను. 6,434 మంది మరణించిరి. శిథిలముల క్రింది నుండి ప్రాణములతో వెలికివచ్చినవారిలో అత్యధికులను తీసినవారు కుటుంబములోనివారును ఇరుగుపొరుగువారును. దళములు చేరుటకు కాలము పట్టును, ప్రాణము అంతవఱకు వేచియుండదు. పిమ్మటి యేడాదిలో 13 లక్షలకు మించిన స్వచ్ఛంద సేవకులు ఆ నగరమునకు వచ్చిరి. వారిలో విద్యార్థులు అనేకులు. జపానువారు ఆ సంవత్సరమును స్వచ్ఛంద సేవకు మొదటి సంవత్సరమని పిలుచుకొనిరి. జనవరి 17ను విపత్తు నివారణ, స్వచ్ఛంద సేవల దినముగా ప్రకటించుకొనిరి.

కాని జాలి మాత్రమే చాలదనుటకు మెక్సికో నగరము సాక్ష్యమిచ్చుచున్నది. 1985 సెప్టెంబరు 19న అచ్చట భూకంపము రాగా, శిక్షణ లేని పౌరులు శిథిలములలో దూఱి ఎనిమిదివందలమందిని రక్షించిరనియు, ఆ ప్రయత్నమున నూఱుమంది రక్షకులే ప్రాణములు గోల్పోయిరనియు రక్షణశిక్షణ గ్రంథములు చెప్పుచున్నవి. ఇది చూచియే లాస్ ఏంజెలిస్ అగ్నిమాపక శాఖవారు పేటలవారికి ముందుగనే నేర్పు పద్ధతిని కల్పించిరి. ఆపదలో పొరుగువాడు ఎట్లును పరుగెత్తి వచ్చును, అతనిని ఆపజాలము. చేయగలిగినదెల్ల అతనికి ముందే నేర్పియుంచుటయే.

ఈ దృష్టితో ఇప్పుడు దిల్‌సుఖ్‌నగరు వీధులను చూతము. జాగీర్దారు దిల్‌సుఖ్‌రామ్ పేర వెలసినదని చెప్పబడు ఈ పేటయు, లాల్‌బహదూర్ శాస్త్రిగారి పేర నున్న ఎల్.బి.నగరును ఒకప్పుడు ఊరి వెలుపలివి. 2007 ఏప్రిల్‌లో ఎల్.బి.నగరు, గడ్డిఅన్నారము పురపాలకసంఘములు మహానగర పాలకసంస్థలో గలిసెను. 2018 సెప్టెంబరు 24న మెట్రోరైలు ఎల్.బి.నగరు వఱకు వచ్చెను. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మము వైపుల నుండి వచ్చు బిడ్డలకు ఇదియే నగరపు తలవాకిలి. పోటీపరీక్షలకును, కంప్యూటరు విద్యకును వచ్చినవారు ఇచ్చటి కోచింగు సెంటర్లలో చదివి, హాస్టళ్లలో నివసింతురు. ఒక కుటుంబము కొఱకు కట్టిన ఇల్లే హాస్టలగును. ఒక్కొక్క గదిలో మూడు నాలుగు మంచములు పడును. క్రిందియంతస్తు గోడలు లేక స్తంభముల మీదనే నిలిచి, బండ్లు నిలుపుకొను చోటగును. మిద్దెమీద నీళ్లతొట్లు, కిటికీలకు ఇనుపయూచలు, ఇరుకుమెట్లు, వానిపై చెప్పుల గుట్టలు, గ్యాసు బండలు – ఇది మేము కన్నులార చూచినదే.

క్రింద గోడలు లేని కట్టడపు బలహీనత యేమో 2001 జనవరి 26న గుజరాతులో తేలినది. భుజ్ ప్రాంతమున 7.7 పరిమాణముతో వచ్చిన ఆ కంపమునకు సుమారు 240 కిలోమీటర్ల దూరమున నున్న అహమ్మదాబాదులో సైతము, బండ్ల కొఱకు క్రిందియంతస్తును ఖాళీగా విడిచిన మేడలు పెక్కు కూలెను. అంతటి కంపము మన దక్కనున వచ్చునని మేము భయపెట్టుట లేదు. కిల్లారి బలమునకును భుజ్ బలమునకును చాల భేదము గలదు. కాని దూరమే రక్ష యను మాట మాత్రము నిలువదు.

ఈ పేటల యువకులకు సేవాబుద్ధి లేదని మేము అనము. 2013 ఫిబ్రవరి 21న సాయంకాలము దిల్‌సుఖ్‌నగరున రెండు బాంబులు ప్రేలి పదునెనిమిదిమంది మరణించినపుడు, మృతులలో విద్యార్థులు నుండిరి. గాయపడినవారిని మొదట లేవనెత్తినవారును దారిలోనున్న సామాన్యులే. 2020 అక్టోబరున సరూర్‌నగరు చెఱువు పరిసరములందలి కాలనీలు నీట మునిగినపుడు యువకులు ఇంటింటికి ఆహారము మోసిరి. జాలి యున్నది, కండబలమున్నది. లేనిది ముందు జేసికొనిన యేర్పాటు. మెడయెముక దెబ్బతిన్నవానిని చేతులు కాళ్లు పట్టి యెత్తినచో, సహాయమే అపకారమగును.

మఱి విద్యార్థి దళము చేయవలసిన దేమి? మొదటిది, ఆపదకు ముందు చేయు పని. ఒక్కొక్క వీధికి పదిమంది చొప్పున చేరి ఆ వీధిని చదువవలెను. ఏ యింట లేవలేని వృద్ధులు గలరు, ఏ మేడకు రెండవ మెట్లదారి గలదు, గ్యాసు ఎచ్చట కట్టవలెను, కరెంటు మెయిను ఎచ్చట ఆపవలెను, సరూర్‌నగరు స్టేడియమువంటి బయలుచోటికి ఏ దారి విశాలమైనది – ఇవన్నియు ఒక పుస్తకమున వ్రాసి యుంచవలెను. ఇంజనీరింగు చదువువారు తమ ఉపాధ్యాయుల వెంట వెలుపలి నుండియే మేడల ఆకారమును పరిశీలించి, అనుమానము గలవానిని నిపుణులకు చూపవచ్చును. రెండవది, కంపము వచ్చినపుడు చేయు పని. దృఢమైన బల్ల క్రింద వంగి, తలను కాచుకొని, బల్లకాలిని పట్టుకొనవలెను. అదరుచుండగా మెట్లమీద పరుగెత్తరాదు, లిఫ్టు ఎక్కరాదు, బాల్కనీలో నిలువరాదు. మూడవది, అదురు నిలిచిన తరువాతి పని. ఒకచోట చేరి తలలు లెక్కపెట్టుకొనుట, రక్తము కాఱుచున్నచోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా నదుముట, శిథిలముల యొద్ద అందఱును నిశ్శబ్దముగా నిలిచి లోపలి మూలుగును, తట్టుడును వినుట, మఱల కంపములు రావచ్చునని యెఱిగి ఒరిగిన మేడలలో దూఱకుండుట, 108 బండికి దారి యిచ్చుట. ఇవి వినుటకు స్వల్పముగా తోచును. కాని చేతులకు అలవాటు కానిచో ఆ గడియలో ఒక్కటియు జ్ఞప్తికి రాదు. అందుచేతనే నెలకొకసారి అభ్యాసము కావలెను.

చదువు చెడునని తలిదండ్రులు శంకింతురేమో. నెలకు రెండుగంటల అభ్యాసముచేత చెడు చదువు మఱి దేనిచేతనైనను చెడును. వచ్చునో రానో తెలియని భూకంపము కొఱకు ఇంత శ్రమ ఏల యని మఱికొందఱు అందురు. నేర్చిన విద్య వ్యర్థము కాదు. వరదకును, అగ్నిప్రమాదమునకును, రోడ్డుమీది ప్రమాదమునకును ఆ చేతులే, ఆ విద్యయే పనికివచ్చును.

గృహిణులకును గృహస్థులకును మా విన్నప మొకటి. బిడ్డను హాస్టలున చేర్చునపుడు ఫీజు అడుగుదుము, భోజనము రుచి చూతుము. ఆడపిల్లయైనచో రాత్రి తొమ్మిదికి తలుపు తాళము వేయుదురా యని అడిగి, వేయుదురనగా తృప్తిపడుదుము. ఆ తాళపుచెవి అర్ధరాత్రమున ఎవరియొద్ద నుండునని మాత్రము అడుగము. కిల్లారి కంపము తెల్లవాఱుజామున వచ్చినది. ఊచల కిటికీల వెనుక, తాళము వేసిన తలుపు వెనుక యేబదిమంది బాలికలుండగా, చెవి గల మనుష్యుడు వేఱొక యింట నిద్రించుచుండినచో, మనము భద్రతయని కొనితెచ్చుకొనిన దేమి? ఆ బాలికలలోనే ఇద్దఱికి శిక్షణ యిచ్చి, తాళపుచెవిని వారి యధీనమున నుంచుట న్యాయము. కాకినాడ వాకిలిని పదునాలుగేండ్ల బాలిక నియమము తప్పక కాచినది గదా! పదునెనిమిదేండ్ల మన బిడ్డలు తమ వాకిలిని తాము కాచుకొనలేరా?

అచల యను పేరు భూమికి ఎట్లున్నను ఉండనిండు. నేల కదలిననాడు కదలని మనస్సును, నేర్చిన చేతులును మన పిల్లలకు ముందుగనే సమకూర్పవలెను. ఈ మాసమున దిల్‌సుఖ్‌నగరున ఒక్క హాస్టలువారైనను తాళపుచెవిని గుఱించి యోచించి, ఒక్క వీధివారైనను తమ వీధి పుస్తకమును వ్రాయ మొదలిడినచో మా వ్రాత సార్థకమైనదని తలంతుము.